నా కొడుకు తీయని గుంజీళ్లు

మా ఇంట్లో వదిన ఆడబిడ్డకు సూటిగా జవాబు చెప్పిందంటే ఇద్దరికీ ఏదో మాటపట్టింపు వచ్చిందని లెక్క. తిన్నావా అని ఆడబిడ్డ అడిగితే, "మీ అన్న వండిపెట్టిండు కదా, కడుపునిండ తిన్న" అనాలి. ఉత్త "తిన్న" అని ఊరుకుంటే నా బిడ్డ మెల్లగా నా పక్కన చేరి, "అమ్మా, వదినకు నామీద ఏమన్న కోపమున్నదా" అని అడుగుతుంది.

ఈ వరసల లెక్క మాకు ఎవరూ నేర్పరు. వదినకు మరదలితో పరాచికం, వియ్యపురాలికి వియ్యపురాలితో పరాచికం. అత్తాకోడళ్ల మధ్య అది చెల్లదు. అందుకే మా కోడలు నాకు చెప్పేది నిజం. నా బిడ్డకు చెప్పేది మాత్రం బియ్యంలాగా చెరిగి తీసుకోవాలి. నా బిడ్డకు అది పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఒకసారి చెరగకుండా వండింది. ఆ కథే ఇది.

మా కోడలిది కోరుట్ల. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. సిరిసిల్లలో మా ఇంటి వెనక షెడ్డులో సాంచలున్నాయి. మరమగ్గాలను మేము అలాగే అంటాం. అవి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట వినబడదు. కరెంటు పోయి సాంచలు ఆగినప్పుడే మా బడి. గచ్చు మీద సుద్దముక్కతో రాసేది, నాచేత దిద్దించేది. కరెంటు ఎప్పుడూ 'ఘ' దగ్గరో 'ఝ' దగ్గరో వచ్చేది. ఆ రెండింటితో నాకు ఇప్పటికీ పెద్దగా పరిచయం లేదు. మిగతా వాటితో బాగానే ఉంది.

నా బిడ్డ జగిత్యాలలో డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతుంది. నేతపని వాళ్ల ఇళ్లలో ఆచారాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. అందులో ఒక భాగాన్ని వ్యాసంగా రాస్తే, పరిశోధనలు మాత్రమే వేసే ఒక పత్రిక అచ్చేసింది. పత్రిక తెలుగులోనే వస్తుంది. కాలేజీలో పర్మినెంటు పోస్టు పడబోతున్నదని, ఆ వ్యాసం చూపిస్తే ఇంటర్వ్యూలో బలముంటుందని బిడ్డ సంతోషం. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇగ నువ్వు చదువుకుంటవు కదమ్మా, చదువు."

చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే 'సామాజికార్థిక' అనే మాట ఎదురైంది. దాన్ని దాటడానికి ఒక కరెంటు కోత పూర్తిగా పట్టింది. ఆ లెక్కన పుస్తకం అయ్యేసరికి సిరిసిల్లకు కరెంటు కోతలే ఉండవేమో అనుకున్నాను.

నేనింకా మొదటి పేజీలలోనే ఉండగా మా వాడలో ఒక సేటు కొత్త షెడ్డు తెరిచాడు. పట్నంలో చదివే ఆయన కొడుకు నా బిడ్డ వ్యాసాన్ని ఫోనులో చదివి తండ్రికి చెప్పాడట. బిడ్డను ముఖ్య అతిథిగా పిలిచారు. ఆమె తల్లీ వదినలం కాబట్టి నేనూ కోడలూ ముందు వరస కుర్చీలలో కూర్చున్నాం.

కొబ్బరికాయ కొట్టారు. కొండగట్టు అంజన్న సిందూరం సాంచలకు పెట్టారు. తరువాత సేటు మైకు అందుకున్నాడు.

"మనోళ్లు మరిచిపోయిన ఆచారాన్ని మేడం తవ్వి తీసింది. ఇయ్యాల మన షెడ్డుల మల్ల మొదలువెడుతున్నం. అల్లుడా, ముంగటికి రా."

చందుర్తి నుంచి వచ్చిన అల్లుడు తెల్ల చొక్కాలో ముందుకు వచ్చాడు. బొద్దుగా ఉన్నాడు. సాంచ ఎదుట నిలబడి రెండు చెవులు పట్టుకున్నాడు.

"ఎన్ని తీయాలె మామా?"

సేటు నా బిడ్డ వైపు చూశాడు. నా బిడ్డ గొంతు సవరించుకుని, "సంఖ్య గురించి మాకు సమాచారం దొరకలేదండి" అంది.

సమాచారం దొరకలేదు కాబట్టి ఆయన ఆయాసం వచ్చేదాకా గుంజీళ్లు తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు పక్క కుర్చీలో ఉన్న ముసలాయన తృప్తిగా తల ఊపాడు.

"మా తాతల నుంచి ఉన్నదే. నా కండ్లతోని సూసిన."

"యాడ సూసినవే అన్నా?"

"కోరుట్ల దిక్కు."

ఆయన వేములవాడ దాటి పోయినట్టు నాకైతే తెలియదు. నా రెండో పక్కన కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అగరబత్తీల పొగ పడలేదనుకున్నాను.

ఇంటికి రాగానే పుస్తకం తెరిచి, మధ్య పేజీలన్నీ వదిలేసి గుంజీళ్ల కోసం వెతికాను. చదవడానికి తేలికైన మాట, వెంటనే దొరికింది. కోరుట్ల ప్రాంతంలో చేతిమగ్గానికి కొత్త పడుగు ఎక్కించిన రోజు ఇంటి అల్లుడు మగ్గం ముందు గుంజీళ్లు తీయాలనీ, లేకపోతే పోగులు తెగుతాయని నమ్మకమనీ రాసి ఉంది. అత్తవారింట అందరిచేతా మర్యాదలు పొందే అల్లుడు అక్కడ పనిముట్టు ముందు వంగుతాడు, అందులో పెద్ద అర్థముంది అని ఇంకా చాలా రాసి ఉంది. ఈ సంగతి చెప్పింది కోరుట్లలో పుట్టి సిరిసిల్లకు కోడలుగా వచ్చిన ఒక స్త్రీ. ఆమె తల్లి కూడా ఫోనులో దాన్ని ధ్రువపరిచింది. తమ ఇంట్లో సిరిసిల్ల అల్లుడు స్వయంగా గుంజీళ్లు తీశాడని చెప్పింది.

ఆ వాక్యం మళ్లీ చదివాను. కోరుట్లలో ఆ తల్లి నా వియ్యపురాలు. ఆమెకు ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డ నా వంటింట్లో బెండకాయలు కోస్తోంది. అంటే ఆ సిరిసిల్ల అల్లుడు నా కొడుకు. అత్తగారింటికి పోతే మంచినీళ్లు కూడా మంచం మీదికే తెప్పించుకునే నా కొడుకు. పైగా ఆ ఇంట్లో మగ్గమే లేదు, వియ్యపురాలు బీడీలు చేస్తుంది.

"ఏమే, నా కొడుకు మీ ఇంట్ల గుంజీళ్లు తీసిండా?"

కోడలు కత్తిపీట పక్కకు జరిపి, కూలబడి నవ్వింది. చాలాసేపు నవ్వి, "నీకెవ్వరు చెప్పిన్రు అత్తమ్మా?" అంది.

"నువ్వు నేర్పిన అక్షరాలే చెప్పినయి. సూడు."

పేజీ చదువుతుంటే ఆమె నవ్వు పైవరసలో ఉన్నంత కిందివరసలో లేదు.

"గిదంత అచ్చుల ఏసిండ్రా? నేను మరదలితోని మజాక్ చేసిన. నీ మొగనితోని తీపియ్యి అన్న. తను నిజమనుకొని అమ్మకు ఫోన్ కొట్టి అడిగింది. అమ్మ గూడ..."

"మీ అమ్మ మజాక్ నాతోని. నా కొడుకును వంచి నన్ను నవ్వింది."

"అవునత్తమ్మా" అంది కోడలు. అత్తకు చెప్పేది నిజమే కదా.

వెంటనే బిడ్డకు ఫోన్ చేయమన్నాను. కోడలు స్పీకరు పెట్టి సంగతి చెప్పింది. అవతల నా బిడ్డ పొద్దున కప్పిన శాలువా మత్తులోనే ఉంది.

"వదినా, ఇయ్యాల మస్తు సంబురంగ ఉన్న. మజాక్ చేయకు."

"మజాక్ కాదే. గా గుంజీళ్లే మజాక్."

"అట్లనా? మరి చందుర్తి అల్లుడు తీసినయి గూడ మజాకేనా?" అని పకపకా నవ్వింది.

కోడలు ఎంత ఒట్టు పెట్టుకుంటే బిడ్డ అంత నవ్వింది. ఇన్నేళ్లలో వదిన నోట 'తిన్న'ను మించిన సూటి మాట విని ఉంటే కదా, ఇప్పుడు గుర్తుపట్టడానికి. చివరికి ఫోన్ నేను తీసుకున్నాను.

"బిడ్డా, మీ వదినోళ్ల అమ్మకు ఎంతమంది అల్లుళ్లే?"

"ఒక్కడే. మా అన్..." అని ఆగిపోయింది. సిగ్నల్ పోయిందని కోడలు అంది. పోలేదు.

సెలవు చూసుకుని బిడ్డ జగిత్యాల నుంచి వచ్చింది. ముఖం పీక్కుపోయింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే నేను అడిగాను.

"ఇప్పుడేం చేస్తరు? ఇంటింటికి తిరిగి పుస్తకాలన్ని వాపస్ తెచ్చుకుంటరా?"

"గట్ల కాదమ్మా. చిన్న తప్పయితే సవరణ వేస్తరు. వ్యాసమంత ఆ తప్పు మీదనే నిలబడితే వెనక్కి తీసుకున్నమని వేస్తరు. అది తేలేదాక, దీనిమీద అనుమానమున్నది, చూసుకొని చదువుండ్రి అని ఒక మాట పెడ్తరు."

"నీది దేనిమీద నిలబడ్డది?"

"గుంజీళ్ల మీదనే."

"అచ్చేసే ముంగట ఎవరు చదవలేదా?"

"ఇద్దరు పెద్దలు చదివిన్రు. వాళ్ల పేర్లు మనకు చెప్పరు."

"ఒక్కరన్న నవ్వలేదా?"

"ఒకాయన, గుంజీళ్లను ఇంకా లోతుగ విశ్లేషించమన్నడు."

కోడలు చటుక్కున లోపలికి పోయింది. లోపల గిన్నెలు కదిలించిన చప్పుడు వినిపించింది కానీ కడిగిన చప్పుడు వినిపించలేదు.

బిడ్డ ఇరుకులో పడింది. వ్యాసం వెనక్కి తీసుకుంటే థీసిస్‌లో ఒక అధ్యాయం పోతుంది. పర్మినెంటు పోస్టు ఇంటర్వ్యూకు చూపించడానికి ఏమీ ఉండదు. తీసుకోకుండా ఉండి, రేపు ఎవరైనా పత్రికకు ఫిర్యాదు చేస్తే, తప్పు జరిగిందని అనరు, కల్పించి రాసిందని అంటారు. అప్పుడు పోస్టు సంగతి అటుంచి, ఉన్న పాఠాలు కూడా పోతాయి. ఆమె గైడు మాత్రం మధ్యలో సన్నని దారి ఒకటి చూపించాడట. ఇప్పుడు ఒక అల్లుడు నిజంగానే గుంజీళ్లు తీశాడు కాబట్టి ఆచారం ఉన్నట్టే, ఇంటర్వ్యూ అయ్యేదాకా నోరు మెదపకు అన్నాడట.

"ఒక తీరుగ నిజమే కదమ్మా" అంది బిడ్డ నా ముఖం చూడకుండా.

అంతలో ఆమె ఫోన్ మోగింది. కోరుట్ల నుంచి ఒక లెక్చరర్. నా బిడ్డ వ్యాసం ఆధారంగా తానూ ఒకటి రాశాడట, అది వేరే పత్రికలో వచ్చిందట. ఇప్పుడు విద్యార్థులను వెంటబెట్టుకుని పోయి ఆ కోరుట్ల ఇంటిని చూస్తాడట. అడ్రసు కావాలన్నాడు. మళ్లీ చేస్తానని బిడ్డ ఫోన్ పెట్టేసింది.

వంటింటి గుమ్మంలో నుంచి కోడలు అంది. "పిల్లలు పోయి అడిగితే మా అమ్మ ఊకుంటదా? ఇంకో నలుగురు అల్లుళ్లను పుట్టిస్తది. ఆ పిల్లలు గూడ రాసుకుంటరు."

బిడ్డ తల పట్టుకుంది. కాసేపటికి సంచిలోంచి లాప్‌టాప్ తీసి, పత్రిక సంపాదకుడికి తానే రాసింది. తప్పు ఏమిటో, ఎట్లా జరిగిందో రాసి, వ్యాసాన్ని వెనక్కి తీసుకోండి అని రాసింది. నేను పక్కనే కూర్చుని ఒక్కో మాట కూడబలుక్కున్నాను. 'పరాచికం' దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. "అచ్చులో ఈ మాటకు ఏం రాయాలె?" అంది. అదే రాయమన్నాను.

మీ ఉత్తరం అందింది అని జవాబు వచ్చింది. తరువాత చాలా రోజులు ఏమీ రాలేదు. వ్యాసం పైన 'పరిశీలనలో ఉంది' అని ఒక వరస పెట్టారు, అంతే. కాలేజీలో ఆ వరస అందరూ చదివారు. వ్యాసం చదవనివాళ్లు కూడా ఆ వరస చదివారట.

ఆ రోజుల్లో మా ఇల్లు ఇల్లులాగా లేదు. బిడ్డ వచ్చినప్పుడు, "తిన్నవా వదినా?" అనేది. "తిన్న" అనేది కోడలు. "అన్న యాడున్నడు?" "షెడ్డుల ఉన్నడు." అంతే. ఆ సూటి మాటలు వింటుంటే సాంచలన్నీ ఒక్కసారి ఆగిపోయినట్టుండేది. నా కొడుకు గాబరాపడి, "ఇద్దరు కొట్లాడుకున్నరా?" అని నన్నడిగాడు. లేదు, ఇద్దరూ నిజం చెప్పుకుంటున్నారు అన్నాను.

తరువాత పత్రికవాళ్లు రికార్డింగు అడిగారు. బిడ్డ ఆనాడు వదిన చెప్పిందంతా ఫోనులో రికార్డు చేసుకుంది. తాను కల్పించలేదు అనడానికి అదొక్కటే సాక్ష్యం. పంపించింది. కొన్నాళ్లకు సంపాదకుడే ఫోన్ చేసి, ఆ చెప్పినావిడతో మాట్లాడాలన్నాడు. స్పీకరు పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం.

"అమ్మా, గుంజీళ్ల ఆచారం గురించి చెప్పింది మీరేనా?"

"నేనే సార్. కానీ గసొంటి ఆచారం యాడ లేదు. మజాక్ చేసిన."

"ఆమె మిమ్మల్ని ఇలా చెప్పమని అడిగిందా?"

"లేదు సార్. పాపం ఆమెకేం తెల్వది."

"మరి ఎందుకు అలా చెప్పారు?"

"ఆమె నాకు ఆడబిడ్డ సార్."

ఆయన ఇంకా ఏదో చెబుతుందని ఆగాడు. మా కోడలు చెప్పడం అయిపోయింది.

"అది కారణమా అమ్మా?"

"మీకు మరదండ్లు లేరా సార్?"

"ఉన్నారు" అన్నాడాయన. గొంతు మారింది. "ఇంకొక్క ప్రశ్న. రికార్డింగులో మొదట మగ్గాల చప్పుడుంది. మధ్యలో ఆ చప్పుడు ఆగిపోయింది. అప్పుడు ఎవరో చాలాసేపు నవ్వారు. మీరు పంపిన రాతప్రతిలో ఆ నవ్వు లేదు."

నా బిడ్డ ముందుకు వంగింది. "నవ్వింది మా వదిననే సార్. అల్లుడు గుంజీళ్లు తీస్తే ఎవరికైన నవ్వొస్తది కదా, అందుకే నవ్విందనుకున్న. మాటలు టైపు చేసిన, నవ్వు వదిలేసిన."

"దాన్ని వదిలేయకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడాయన. కోపంగా అనలేదు.

తరువాతి సంచికలో ప్రకటన వచ్చింది. నేనే చదివాను, ఒక్క కూర్చోవడంలోనే. సమాచారం ఇచ్చిన ఇద్దరూ బంధుత్వపు వరసను బట్టి పరాచికంగా చెప్పారని, రచయిత్రి కల్పించింది ఏమీ లేదని, తప్పు తెలియగానే తానే చెప్పిందని, అయినా వ్యాసంలోని వాదన నిలబడదు కాబట్టి వెనక్కి తీసుకున్నామని ఉంది. నెట్‌లో ఉన్న వ్యాసం తీసేయలేదు. ప్రతి పేజీకీ అడ్డంగా ఎర్రటి పెద్ద అక్షరాలతో ఆ మాటే వేశారు. మొత్తం తుడిచేయక ఇదేమిటని అడిగాను. తుడిచేస్తే దాన్ని పట్టుకుని రాసినవాళ్లకు ఏం జరిగిందో తెలియదు కదా అంది బిడ్డ. ఎర్ర అక్షరాల కింద నా కొడుకు ఇంకా గుంజీళ్లు తీస్తూనే ఉన్నాడు.

కోరుట్ల లెక్చరర్ తన పత్రికకూ రాశాడు. వాళ్లు ఇప్పటిదాకా జవాబివ్వలేదు. అక్కడ ఆచారం చెక్కుచెదరకుండా ఉంది.

సేటుకు నేనే పోయి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"పత్రికోళ్లు వెనక్కి తీసుకుంటే తీసుకోనియ్యి అక్కా. మా అల్లుడు తీసినయి వెనక్కి తీసుకుంటడా?"

కొత్త పడుగు ఎక్కినప్పుడల్లా చందుర్తికి కబురు పోతూనే ఉంది. పోగులు తెగడం తగ్గిందని కూడా అంటున్నాడు.

పర్మినెంటు పోస్టు నా బిడ్డకు రాలేదు. ఇంటర్వ్యూలో ఆ ప్రకటన గురించి అడిగారట, ఉన్నది ఉన్నట్టు చెప్పిందట, అందరూ మెచ్చుకుని ఇంకొకామెకు ఇచ్చారట. ఆ కబురు చెప్పడానికి వచ్చిన రోజు బిడ్డ మా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆమె వ్యాసాలు మస్తున్నయట. ఒక్కదాంట్ల గూడ తప్పు లేదట."

కోడలు చాయ గ్లాసు ఆమె ముందు పెట్టి, "ఇంకా ఎవరి అమ్మ చదవలేదేమో" అంది.

నా బిడ్డ తలెత్తి వదిన ముఖం చూసింది. కళ్లలో నీళ్లుండగానే నవ్వింది. ఎన్ని నెలలకో ఆ ఇంట్లో ఒక వంకర మాట వినబడింది. షెడ్డులో నుంచి వస్తున్న నా కొడుకు గుమ్మంలోనే ఆగి, "కలిసిన్రా?" అన్నాడు.

పోయిన అధ్యాయాన్ని ఇప్పుడు కొత్తగా రాస్తోంది. వదినా మరదళ్లను, వియ్యపురాళ్లను ఆచారాలు అడిగితే ఏం జరుగుతుందో అన్నదాని మీదే. మళ్లీ మా ఇంటికే వచ్చి, మళ్లీ వదిననే అడుగుతోంది. ఈసారి నేను మధ్యలో కూర్చుంటాను. కోడలు జవాబు చెప్పి నావైపు తిరుగుతుంది. నిజమైతే అదే జవాబు నాకు మళ్లీ చెబుతుంది. మజాకయితే చెప్పలేక లేచి వంటింట్లోకి పోతుంది.

మొన్న రాతప్రతి అచ్చు తీసి తెచ్చింది. నవ్వు ఎక్కడ వచ్చినా ఈసారి వదల్లేదు. వరసకో 'నవ్వింది' ఉంది. అవన్నీ తీసేస్తే మాటలు ఏమంత మిగలవు. చదువుకుంటూ పోతే ఒకచోట 'అమ్మ కూడా నవ్వింది' అని ఉంది.

"గిది తప్పు" అన్నాను. "నేను నవ్వలే. పోపు ఘాటుకు దగ్గిన. దిద్దు."

"ఇని చెప్త" అంది బిడ్డ. ఫోన్ తీసి, చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని విన్నది. మళ్లీ వెనక్కి తిప్పి విన్నది. వదిన చెవికి ఆనించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నవ్వే" అన్నారు.

దిద్దలేదు.